హనీకి తోడుగా ఆడదా, మగదా?

ప్రశ్న: మాది తణుకు. సొంత ఇల్లు, చుట్టూ ప్రహరీ, వెనక పెరడు. మా దగ్గర నాలుగేళ్ల లాబ్రడార్ ఆడకుక్క ఉంది, పేరు హనీ. చాలా నెమ్మది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఒక్క కాన్పైనా అయ్యాక చేయిద్దామని మావారు అంటారు. ఏడాదికి రెండుసార్లు హీట్‌కి (ఎదకు) వస్తుంది, మొన్న కార్తీక పౌర్ణమికి వచ్చింది. ఈ మధ్య మా అబ్బాయి పాత చెప్పొకటి పక్కలోకి తెచ్చుకుని, ఎవరు దగ్గరికి వెళ్లినా గుర్రుమంటోంది. పగలంతా ఒంటరిగా ఉంటోంది కదా, సంక్రాంతి సెలవుల్లో ఇంకో కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నాం. మావారి ఆఫీసులో ఒకాయన దగ్గర లాబ్రడార్ మగపిల్ల ఉంది. దానికి నలభై రోజులు, వచ్చి తీసుకెళ్లమంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి మాత్రం మా వీధి చివర పుట్టిన గోధుమరంగు ఆడపిల్ల మీద ప్రాణం. దానికి రెండు నెలలుంటాయి. దాంతోపాటు పుట్టిన తెల్ల మగపిల్ల కూడా అక్కడే తిరుగుతుంది. రెండూ ఆడవైతే పిల్లల బెడద ఉండదు, అక్కచెల్లెళ్లలా కలిసుంటాయని నా ఆలోచన. మగదైతే ఇల్లంతా కాలెత్తుతుందని భయం. అత్తయ్యేమో కాపలాకి మగకుక్కే ఉండాలంటారు. ఏది తెచ్చుకోమంటారు?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఇంటికి మగపిల్లే సరైనది. కానీ ఈ సంక్రాంతికి వద్దు, కొన్ని వారాలు ఆగండి. ఈలోగా హనీ ఆపరేషన్ విషయం మీవారితో కూర్చుని తేల్చుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, రెండూ ఆడవైతే అక్కచెల్లెళ్లలా ఉంటాయని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. దాని ఫలితం మా ఇంట్లో రెండు కుక్కలు నాలుగేళ్లు అనుభవించాయి.

మా ఇంటికి ముందు లక్కీ వచ్చింది. రెండేళ్ల తర్వాత బుజ్జిని తెచ్చాం. ఏడాదిన్నర పాటు వాటిని చూసి మురిసిపోని చుట్టం లేడు. రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవి. లక్కీ చెవిని నోట్లో పెట్టుకుని బుజ్జి నిద్రపోయేది. బుజ్జికి రెండో ఏడు దగ్గరపడుతుండగా ఏదో మారింది. అప్పుడు మాకది కనిపించలేదు. వంటింటి గడప మీద అడ్డంగా పడుకోవడం మొదలుపెట్టింది. లక్కీ వంటింట్లోకి రావాలంటే దాన్ని దాటుకునే రావాలి. గడప దాకా వచ్చి ఆగేది, మొహం పక్కకు తిప్పుకునేది, నాలుకతో మూతి తడుపుకుని వెనక్కి వెళ్లిపోయేది. ఎంత మర్యాదగా తప్పుకుంటోందో చూడండని ఇంటికొచ్చినవాళ్లకు చెప్పుకున్నాను కూడా. అది మర్యాద కాదమ్మా, భయం. గడపను బుజ్జి ఆక్రమించింది, లక్కీ ఊరుకుంటోంది.

ఒక సాయంత్రం లక్కీ ఊరుకోలేదు. అప్పుడది హీట్‌లో ఉంది. కుక్కర్ రెండో కూత వేసింది, నేను స్టవ్ దగ్గరున్నాను. రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. అరుపు లేదు, గుర్రుమనడం లేదు. నోళ్లు గట్టిగా మూసుకుని, మెడలు బిగించి, తోకలు నిటారుగా పెట్టి రెండు క్షణాలు అలాగే ఉన్నాయి. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత బిందెడు నీళ్లు కుమ్మరించినా వదల్లేదు. లక్కీకి చెవి కింద పదకొండు కుట్లు పడ్డాయి. మధ్యలో చెయ్యి పెట్టిన మావారికి నాలుగు.

మళ్లీ అవి ఒక గదిలో ఉండలేదు. ఒకటి హాల్లో ఉంటే ఇంకోటి వెనక గదిలో, మధ్యాహ్నం మార్చేవాళ్లం. ఎవరు ఏ తలుపు తీయాలన్నా ముందు "తలుపూ!" అని కేకెయ్యాలి, అవతలి నుంచి "ఊఁ, పట్టుకున్నా" అని వినపడ్డాకే గడియ తీయాలి. మా పిల్లలకు అదెంత అలవాటైందంటే, అమ్మమ్మగారింటికి వెళ్లినా తలుపు దగ్గర అలాగే కేకేసేవాళ్లు. లక్కీ పోయేదాకా నాలుగేళ్లు అలాగే గడిచింది.

మా ఇంట్లోనే ఇలా జరిగిందా అని తర్వాత చాలామందిని అడిగాను, దొరికినంత చదివాను. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్యులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే ఇంట్లో ఉంటూ కొట్టుకుని, చికిత్సకు వచ్చిన 38 జతల కుక్కల వివరాలు అందులో ఉన్నాయి. వాటిలో 30 జతలు ఆడ-ఆడ లేదా మగ-మగ. ఆడకుక్క ఉన్న జతలు 26. ఇందులో మీరు ముఖ్యంగా చూడాల్సింది ఇంకోటుంది. పోట్లాట మొదలుపెట్టింది చాలా ఇళ్లలో కొత్తగా వచ్చిన కుక్క, వయసులో చిన్నది. హనీ చాలా నెమ్మది అని రాశారు. నేను నమ్ముతాను. లక్కీ కూడా నెమ్మదే. పోట్లాటకు పెద్దది సిద్ధంగా ఉండక్కర్లేదు. ఇప్పుడు మీవాడి అరచేతిలో ఇమిడిపోయే పిల్ల రేపు రెండేళ్లది అవుతుంది. కుక్కకు నిజంగా పెద్దరికం వచ్చేది ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్యలో. గొడవలు బయటపడేదీ అప్పుడే. అందుకే "చిన్నప్పుడు బాగానే ఉండేవండీ" అనే మాట ఇలాంటి ఇళ్లలో అంత తరచుగా వినిపిస్తుంది.

ఇవి కొట్టుకుని డాక్టర్ దాకా వెళ్లిన కుక్కల లెక్కలని మర్చిపోకండి. హాయిగా కలిసున్న ఆడ జతలు ఎన్నో ఉన్నాయి, నేనూ చూశాను. కానీ ఆడకుక్కలకు ఒకసారి చెడితే మళ్లీ అతికించడం కష్టం. మగకుక్కల గొడవల్లో చాలావరకు అరుపులే ఎక్కువ, సాయంత్రానికి సర్దుకుంటాయి. ఆడకుక్కలు సర్దుకోవడానికి కొట్టుకోవు, ఒకటి అక్కడి నుంచి పోయేదాకా కొట్టుకుంటాయి. వీధిలో పిల్లలు పెట్టిన కుక్క ఇంకో ఆడకుక్కను దరిదాపులకు కూడా రానివ్వకపోవడం మీరు చూసే ఉంటారు. వీధిలోనైతే ఓడినదానికి పారిపోవడానికి ఇంకో వీధి ఉంటుంది. మీ ప్రహరీ లోపల ఎక్కడికి పోతుంది?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం చెప్పు గురించి రాసింది. మీరు దాన్ని మామూలుగా రాసేశారు. నా దృష్టిలో ఉత్తరమంతటికీ అదే కీలకం. కార్తీక పౌర్ణమికి హీట్ వచ్చింది, ఇప్పటికి రెండు నెలలు. ఆడకుక్క శరీరం మనలాంటిది కాదు. మగకుక్కతో కలిసినా కలవకపోయినా హీట్ తర్వాత రెండు నెలల పాటు గర్భం నిలబెట్టే హార్మోన్ ఊరుతూనే ఉంటుంది. అది తగ్గేటప్పుడు పాలు తెచ్చే హార్మోన్ పెరుగుతుంది. కడుపులో పిల్లలు లేకపోయినా ఒళ్లు మాత్రం ఈనినట్టే ప్రవర్తిస్తుంది. డాక్టర్లు దీన్ని ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంటారు. కొన్నిటికి పొదుగు ఉబ్బి పాలు కూడా పడతాయి. బొమ్మలు, బంతులు, చెప్పులు మూలకు చేర్చుకుని కాపలా కాస్తాయి. ఆ చెప్పు ఇప్పుడు హనీకి బిడ్డ. అది పొగరెక్కి గుర్రుమనడం లేదు, పిల్లను కాపాడుకుంటోంది.

ఇలాంటి రోజుల్లో అటూ ఇటూ గంతులేసే కుక్కపిల్లను లోపలికి తెస్తే ఏమవుతుందో చెప్పలేం. తన పిల్లే అనుకుని దగ్గరికి తీసుకోవచ్చు. చెప్పు మీదికొచ్చిందని కరవనూ వచ్చు. రెండు నెలల పిల్లకు లాబ్రడార్ కాటు ఒక్కటి చాలు. అందుకే సంక్రాంతికి వద్దన్నాను. సాధారణంగా రెండు మూడు వారాల్లో ఇది దానంతటదే తగ్గిపోతుంది. అయితే ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆపరేషన్ లేని ఆడకుక్కలు రెండుంటే ఒకదాని హీట్, ఇంకోదాని ఉత్తుత్తి కాన్పు కలిపి, ఏడాదిలో మీకు ప్రశాంతంగా ఉండే నెలలు కొన్నే మిగులుతాయి. పిల్లల బెడద ఉండదన్న మాట నిజమే గానీ, మిగతా బెడదంతా రెట్టింపవుతుంది.

ఇక ఆపరేషన్. మీవారికి నా మాటగా చెప్పండి. ఒక్క కాన్పైనా కాకపోతే ఆడకుక్క ఆరోగ్యం చెడుతుందనేది మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం. అందులో వైద్యపరంగా ఏమీ లేదు. తల్లి కాలేదని కుక్క బెంగపెట్టుకోదు. ప్రమాదమంతా ఇంకో వైపుంది. ప్రతి హీట్ తర్వాత గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అక్కడ సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. దాన్నే పయోమెట్రా అంటారు. స్వీడన్‌లో కుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, ఇన్సూరెన్స్ తీసుకునే అలవాటు ఎక్కువ. అక్కడి ఇన్సూరెన్స్ లెక్కల్లో, 10 ఏళ్లు నిండేలోగా సుమారు నాలుగింట ఒక ఆడకుక్కకు ఈ జబ్బు వచ్చింది. హీట్ అయిన నెల, రెండు నెలల్లో కుక్క నీళ్లు మరీ ఎక్కువగా తాగుతూ, తిండి మానేసి, వాంతులు చేసుకుంటుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. కింద చీము కారితే కనీసం తెలుస్తుంది, కారకపోతే ఇంకా ప్రమాదం. అప్పుడు చేసే ఆపరేషన్ ప్రాణం మీదికొచ్చాక చేసేది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఆ భయమే ఉండదు.

ఎప్పుడు చేయించాలనేది కూడా ముఖ్యమే. హీట్‌లో ఉన్నప్పుడు రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు వద్దంటారు. ఇప్పుడున్నట్టు పాలు, చెప్పు కాపలా నడుస్తుండగా చేస్తే హార్మోన్లు ఒక్కసారిగా తారుమారై ఆ స్థితి ఎక్కువ కాలం సాగే ప్రమాదముంది. హీట్ వచ్చిన మూడు నెలల తర్వాత, పాలు పూర్తిగా ఇంకిపోయాక చేయించడం మంచిది. మీ లెక్కన శివరాత్రి దాటాక, ఉగాది లోపు. తర్వాతి హీట్ వేసవిలో గానీ రాదు కాబట్టి వ్యవధి ఉంది. మీ ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. అక్కడ కుదరకపోతే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఆపరేషన్ తర్వాత ఒళ్లు రావడం మాత్రం నిజం, లాబ్రడార్లకు మరీనూ. తిండి తగ్గించి నడక పెంచాలి. పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నిటికి తర్వాత్తర్వాత నిద్రలో మూత్రం చుక్కలు పడే ఇబ్బంది రావచ్చు, దానికి మందులున్నాయి.

ఆపరేషన్ చేయించకుండానే మగపిల్లను తెచ్చి, హీట్ వచ్చినప్పుడు మూడు వారాలు వేరే గదిలో కట్టేస్తామని చాలామంది అంటారు. అలా కుదిరిన ఇల్లు నేను ఒక్కటీ చూడలేదు. చిత్త కార్తె కుక్కల సంగతి మన పల్లెల్లో తెలియనివారుండరు. వీధి కుక్కలు వానాకాలం చివర్నుంచి ఆ కార్తె దాకా ఎదకొస్తాయి, చలికాలంలో పిల్లలు పెడతాయి. మీ వీధి చివరి పిల్లలూ ఆ లెక్కలో పుట్టినవే. అప్పుడు మగకుక్కలు తిండి మానేసి గోడలు దూకడం మీరు చూసే ఉంటారు. అదే మగకుక్క మీ ఇంట్లో తలుపుకి అవతల ఉంటే రాత్రంతా ఏడుస్తుంది, తలుపు గీరుతుంది. ఎవరో ఒకరు పాలవాడి కోసం గడియ తీసిన అర నిమిషం చాలు. 63 రోజులకు ఆరేడు పిల్లలు. వాటిలో ఎన్నింటికి ఇళ్లు దొరుకుతాయో, ఎన్ని వీధుల్లో వదిలేయబడతాయో మీకే తెలుసు.

మగకుక్క కాలెత్తుతుందన్న మీ భయం నిజమైనదే, కొట్టిపారేయను. ఆరో నెల నుంచి ఏడాది లోపు ఆ అలవాటు మొదలవుతుంది. మొదటిసారి సోఫా కాలు మీద పోసిందంటే ఆ వాసన పూర్తిగా పోయేలా కడగాలి. సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే అది దానికి మూత్రం వాసనలాగే ఉంటుంది, మళ్లీ అక్కడే పోస్తుంది. బయటికి ఎక్కువసార్లు తీసుకెళ్లాలి. చెట్టు దగ్గర పోసినప్పుడు మెచ్చుకోవాలి, ఇంట్లో పోసినందుకు కొట్టకూడదు. మగకుక్కకు కూడా ఆపరేషన్ చేయిస్తే ఈ అలవాటు, బయటికి పారిపోవడం చాలావాటిలో తగ్గుతాయి. వీధి జాతి పిల్లకైతే తొమ్మిది నెలల నుంచి ఏడాది మధ్యలో చేయించవచ్చు. లాబ్రడార్‌కైతే ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే ఏడాది దాటేదాకా ఆగమంటారు. మరీ చిన్న వయసులో చేయిస్తే కొన్ని పెద్ద జాతుల్లో కీళ్ల జబ్బులు పెరుగుతున్నాయని కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్య కళాశాల వాళ్లు 35 జాతుల మీద పరిశీలించి 2020లో చెప్పారు. హనీకి ముందే అయిపోతుంది కాబట్టి మగదాని విషయంలో మీకు తొందరేమీ లేదు.

మీ అత్తయ్యగారి కాపలా మాటకు ఒక్కటే చెప్తాను. కాపలా కాయడంలో ఆడా మగా తేడా లేదు. గేటు చప్పుడైతే రెండూ అరుస్తాయి.

ఏ మగపిల్ల? ఆఫీసాయన దగ్గరిదాన్ని నలభై రోజులకు మాత్రం తెచ్చుకోకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలే చెప్తున్నాయి. ఆయన ఊరికే ఇస్తున్నా కారణం అదే కదా. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పో, ఆటెక్కడ ఆపాలో పిల్ల ఆ ఆఖరి వారాల్లోనే తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటుంది. అది నేర్వని పిల్ల వచ్చి హనీని విసిగిస్తుంది. అడిగారు కాబట్టి నా మనసులో మాట చెప్తాను. మీ వీధిలోని ఆ తెల్ల మగపిల్లను చూడండి. వీధి జాతి కుక్కలు మన ఎండలకు తట్టుకుంటాయి, లాబ్రడార్ల కంటే తుంటి కీళ్ల ఇబ్బందులు తక్కువ. రేపు హనీకి ఎనిమిదేళ్లొచ్చి మెట్లెక్కలేని రోజున ఇంట్లో ఇంకో ముప్ఫై కిలోల కుక్క మీద పడి ఆడకుండా ఉంటుంది.

ఇక గోధుమరంగు పిల్ల. దీని గురించి రాయడానికి నాకు కష్టంగానే ఉంది. మన వీధుల్లో కుక్కపిల్లలు పుడితే మగవాటిని ఎవరో ఒకరు పట్టుకుపోతారు, ఆడవి మిగిలిపోతాయి. మిగిలినవే మళ్లీ పిల్లలు పెడతాయి. ఆడది తక్కువని నేను మగదాన్ని తెమ్మనడం లేదని అబ్బాయికి చెప్పండి. మీ ఇంట్లో ఉన్నది మగకుక్కైతే, ఇదే ఉత్తరానికి ఆ గోధుమరంగు పిల్లనే తెచ్చుకోండని రాసేదాన్ని. ఆ పిల్లకు తగిన ఇల్లు వెతికే బాధ్యత అబ్బాయికే అప్పగించండి. మగకుక్క ఉన్న ఇల్లో, అసలు కుక్కే లేని ఇల్లో అయితే మంచిది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఊళ్లో ఎవరింట్లో ఏముందో మనకంటే బాగా తెలుస్తుంది. ఇల్లు దొరికేదాకా రోజూ తిండి పెట్టనివ్వండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. ఇల్లు దొరక్కపోయినా ఆరు నెలలు వచ్చేలోగా మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడి ఆపరేషన్ అయ్యేలా చూడండి. వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది. చేసి, గుర్తుగా చెవికి గాటు పెట్టి, తెచ్చినచోటే వదులుతారు. అప్పుడది మీ వీధి కుక్కగా, మీవాడి నేస్తంగా ఉంటుంది. అదీ ఒక మంచి బతుకే.

ఇంత చెప్పాక కూడా మీ ఇంటిల్లిపాదీ ఆ పిల్లనే కావాలనుకుంటే నేను వద్దని గదమాయించను. రెండింటికీ ఆపరేషన్ తప్పనిసరి. అయితే ఆపరేషన్‌తో హీట్ గొడవలు పోతాయి గానీ, రెండు ఆడకుక్కల మధ్య పడకపోవడం దానంతటదే పోదు. అవసరమైతే రెండింటినీ విడివిడిగా, తలుపులు వేసి ఉంచగలిగే గదులున్నాయా, ఏళ్ల తరబడి అలా చేసే ఓపిక అందరికీ ఉందా అని ఒక్కసారి ఆలోచించుకోండి. గడప మీద అడ్డంగా పడుకోవడం, తిండి గిన్నె దగ్గర తేరిపార చూడటం, ఒకటి గదిలోకి రాగానే ఇంకోటి లేచి వెళ్లిపోవడం కనిపిస్తే అవి కొట్టుకునేదాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మేం గడపను చూసి కూడా నవ్వుకున్నాం.

ఏ పిల్లను తెచ్చినా మొదటి రెండు వారాలు వెనక గదిలో విడిగా ఉంచండి. వీధి పిల్లల్లో పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు ఉంటే అవి బయటపడేది ఆ రోజుల్లోనే. నులిపురుగుల మందు, టీకాలు అప్పుడే మొదలుపెట్టాలి. నాలుగు నెలల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా ఉంటుంది. హనీ టీకాలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోండి. హనీలో ఉత్తుత్తి తల్లితనం ఏమైనా మిగిలుంటే ఆ రెండు వారాల్లో అదీ చల్లారుతుంది. పిల్ల పడుకున్న గుడ్డను హనీ దగ్గర, హనీ గుడ్డను పిల్ల దగ్గర వేసి ఉంచితే వాసనతో ముందే పరిచయమవుతుంది.

ఎదురుపడే రోజు హనీ పడుకునే చోటో, గిన్నె ఉన్న చోటో కాకుండా మేడ మీదకు తీసుకెళ్లండి. హనీ గొలుసు మీ చేతిలో, పిల్ల అబ్బాయి చేతిలో. ముఖాముఖి నిలబెట్టకుండా, దూరంగా పక్కపక్కన నాలుగు రౌండ్లు నడవండి, ఆ తర్వాత దగ్గరవ్వండి. హనీ గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం అంటే "ఆగు" అని నోటితో చెప్పడం. ఆ మాట నోరు నొక్కేస్తే ఇంకోసారి చెప్పకుండానే కరుస్తుంది. పిల్ల వెనక్కి తగ్గితే అంతా సవ్యంగా ఉన్నట్టే. గిన్నెలు రెండు వేర్వేరు గదుల్లో పెట్టండి, ఇవాళ కాదు, ఎప్పటికీ. ఎవరూ లేనప్పుడు మొదటి కొన్ని నెలలు రెండింటినీ కలిపి వదలకండి. నాలుగైదు నెలల దాకా పిల్ల ఏం చేసినా పెద్దకుక్కలు ఓర్చుకుంటాయి, ఆ తర్వాత బుద్ధి చెప్పడం మొదలుపెడతాయి. అప్పుడు కంగారుపడి పిల్లను వెనకేసుకురాకండి. రోజుకి ఒక్క అరగంటైనా హనీతో మీరు ఒక్కరే గడపండి, దాని ఇల్లు దానిదేనని దానికి తెలియాలి. ఎప్పుడైనా నిజంగానే కరుచుకుంటే మావారిలా మధ్యలో చెయ్యి పెట్టకండి. మందపాటి దుప్పటి వేయండి, లేదా మధ్యలోకి చెక్క అడ్డం పెట్టండి. ఇద్దరుంటే ఒక్కొక్కరు ఒక్కోదాని వెనక కాళ్లు పట్టుకుని వెనక్కి లాగండి. మనిషికి పన్ను తగిలితే సబ్బుతో పావుగంట కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, సొంత కుక్కైనా సరే.

లక్కీ పోయిన ఏడాదికి బుజ్జి కోసం ఒక మగపిల్లను తెచ్చాం. రాజా అని పేరు పెట్టాం. ఎవరినీ గడప దాటనివ్వని బుజ్జి, వాడు వచ్చిన నెలకు అదే గడప మీద వాడికి సగం చోటిచ్చి పడుకుంది. నా కళ్లతో చూడకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

ఆ చెప్పు సంగతి. హనీ ముందు దాన్ని లాక్కోకండి, అబ్బాయిని కూడా ముట్టుకోనివ్వకండి. రేపు ఉదయం హనీని వాకింగ్‌కి కాస్త ఎక్కువ దూరం తిప్పండి. ఆ సమయంలో ఇంకొకరు చెప్పు తీసేసి, పక్క గుడ్డ మార్చేసి, మూల ఖాళీ చేసేయాలి. తిరిగొచ్చాక కాసేపు వెతుకుతుంది, మీకు జాలేస్తుంది, అయినా ఇవ్వకండి. పొదుగు ఉబ్బి ఉంటే పాలు పిండకండి, నూనె రాయకండి. ముట్టుకున్నకొద్దీ పాలు ఊరతాయి. పొదుగు ఎర్రబడి వేడిగా, గట్టిగా ఉన్నా, మూడు వారాలైనా తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి. కార్తీక పౌర్ణమి తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. ఆపరేషన్ తేదీ ఇచ్చేముందు డాక్టర్ మొదట అడిగేది అదే.